కళ్ళద్దాల మీది తెల్లమరక

అద్దాలాయనకి తోడల్లుడంటే ఇష్టమే. ఎవరైనా అడిగితే ఆ మాటే చెబుతాడు. అడక్కపోయినా చెబుతాడు, మనకి అనుమానం వచ్చేది అక్కడే. ఆయనకి గిట్టనిదల్లా తోడల్లుడు కొన్న కెమెరా. ఆ కెమెరాతో తీసిన ఒకానొక ఫోటో అయితే మరీ గిట్టదు. ఏం లాభం, ఆ ఫోటో ఉన్నది అద్దాలాయన ఇంట్లోనే. ముందుగదిలో, తలుపు తీయగానే ఎదురుపడే గోడ మీద, కిటికీ రెక్కంత ఫ్రేములో. పొద్దున చెప్పులు వేసుకుంటుంటే అదే, సాయంత్రం చెప్పులు విప్పుతుంటే అదే.

ఫోటోలో ఉన్నది ఆయన కూతురు. ఎనిమిదేళ్ళ పిల్ల, ఇంట్లో అందరికీ పిచ్చుక. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి, ఊడిన పన్ను సందు కనబడేలా నోరంతా తెరిచి, ఒళ్ళు మరిచి నవ్వుతోంది. ఇంటికొచ్చినవాళ్ళు టీ కప్పు అందుకోకముందే దాన్ని చూసి, "అబ్బ, ఏం నవ్వండీ! ఎవరు తీశారు?" అంటారు. "మా మరిది," అంటుంది అద్దాలాయన భార్య, తనే తీసినంత గర్వంగా. ఆ రెండు ముక్కలూ విన్న ప్రతిసారీ అద్దాలాయన కడుపులో ఎవరో పొయ్యి రాజేసినట్టుండేది. ఎందుకంటే అలాంటి నవ్వు ఆ పిల్ల ఆయన ముందు ఎన్నడూ నవ్వలేదు. తండ్రి దగ్గర ముసిముసిగా నవ్వుతుంది, అడిగితే పళ్ళు చూపిస్తుంది, అంతే. కన్నతండ్రికి దక్కని నవ్వు బాబాయ్‌కి ఎలా దక్కింది? వాడేం చెప్పాడు దానికి? ఏం చేశాడు? ఈ ప్రశ్న ఆయన ఎవర్నీ అడగలేదు. అడిగితే లోపలి కుళ్ళు బయటపడుతుందని భయం.

అద్దాలాయన పని కళ్ళద్దాల షాపులో, వెనకగదిలో. ముందు కౌంటరు దగ్గరివాళ్ళు ముఖాలకి ఫ్రేములు పెట్టి మురిపిస్తారు. ఈయన గుండ్రటి అద్దం బిళ్ళని ఆ ఫ్రేము ఆకారానికి అరగదీసి కూర్చోబెడతాడు. తిరిగే రాయి మీద సన్నటి నీటిధార పడుతూ ఉంటుంది, చేతులకి సాయంత్రందాకా తెల్లటి పొడి వదలదు. కంటిపాప ఎక్కడుంటుందో అద్దం మీద సరిగ్గా అక్కడ చుక్క పెట్టుకోవడం ఆ పనికి ప్రాణం. చుక్క వెంట్రుకవాసి జరిగినా పెట్టుకున్నవాడికి తలనొప్పి. పెళ్ళయిన కొత్తలో ఆయన అదేపనిగా తన ముఖంలోకి చూస్తుంటే భార్య సిగ్గుతో కుంచించుకుపోయింది. ఆయన చూస్తున్నది కంటిపాపల మధ్య దూరమని తర్వాత తెలిసి, రెండు పూటలు మాట్లాడలేదట. మనుషుల పేర్లు గుర్తుండవు గాని వాళ్ళ పవర్లు గుర్తుంటాయి. వీధిలో ఎవరైనా పలకరిస్తే, "ఎవరో తెలీలేదు గాని మైనస్ రెండున్నర," అంటాడు పక్కవాళ్ళతో.

వచ్చే ప్రతి మనిషికీ ఆయన వెనకగదిలోంచి తల బయటపెట్టి ఒకే మాట చెబుతాడు. "డబ్బు ఫ్రేముకి పోయకండి, అద్దానికి పెట్టండి. మీరు చూసేది అద్దంలోంచి గాని ఫ్రేములోంచి కాదు." బంగారురంగు ఫ్రేము ఎంచుకుని, అద్దాల దగ్గరికొచ్చేసరికి "ఏదో చవకది తగిలించండి" అనేవాళ్ళంటే ఆయనకి ఒళ్ళుమంట. అద్దం మంచిదో కాదో ట్యూబ్‌లైటు కింద పట్టుకుని తేల్చేస్తాడు. వెలుతురు తిరిగి కొట్టకుండా కోటింగ్ పూసిన అద్దంలో ట్యూబ్‌లైటు ఆకుపచ్చగా, నీరసంగా కనబడుతుంది. కోటింగ్ లేనిదాంట్లో తెల్లగా, ఉన్నదున్నట్టు దిగుతుంది. అలా ఎదురుగా ఉన్నవన్నీ చూపించేసే అద్దం ఆయన దృష్టిలో పనికిమాలినది.

మరి సొంత కూతురి కళ్ళద్దాలకో? కోటింగ్ అద్దాలు రావడం ఆలస్యమై, రెండ్రోజులకే కదా అని మామూలువి బిగించాడు. ఆ రెండ్రోజులు ఇంకా అవలేదు. ఊరందరికీ మంచివి, ఇంట్లో పిల్లకి చవకవి; పనివాళ్ళ ఇళ్ళల్లో ఇది మామూలే.

ఇక తోడల్లుడు. భార్య చెల్లెలి మొగుడు, లిఫ్టులు అమ్మే కంపెనీలో ఉద్యోగం, మాటకారి. మనిషి మంచివాడు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకుని పడుకోవచ్చు. ఇతను "అన్నయ్యా" అంటూ భుజం మీద చెయ్యేస్తాడు, కొన్నది దాచుకోడు, తిన్నది ఒక్కడే తినడు. కెమెరా ఆలోచన నిజానికి అద్దాలాయనది. పిచ్చుక పుట్టినప్పటి నుంచీ ఉన్న ఆలోచన. "ఎప్పటికైనా ఒక మంచి కెమెరా కొనాలి తమ్ముడూ, ఫోను ఫోటోల్లో ప్రాణం ఉండదు," అని తోడల్లుడితో ఒకసారి నోరుజారాడు. తమ్ముడు శ్రద్ధగా విని, "భలే మాట చెప్పావన్నయ్యా," అని, వెళ్ళి కొనేశాడు. ఆలోచన ఒకరిది, కెమెరా మరొకరిది. ఇది దొంగతనం కాదంటే అద్దాలాయన ఒప్పుకోడు, పైకి అనడు.

కెమెరా వచ్చిన వారం అందర్నీ తన డాబా మీదికి పిలిచాడు తోడల్లుడు. మోచేతి పొడుగు జూమ్ లెన్సు, మెడలో వెడల్పాటి పట్టీ. నడుం వంచి, ఒక కన్ను మూసి, పిర్రలు వెనక్కి పెట్టి, "పిచ్చుకా, ఇటు ఇటు, కదలకు," అంటూ డాబా అంతా తిరిగాడు. వెనకాల నిలబడ్డ అద్దాలాయనకి ఆ వాలకం చూస్తే నవ్వు రాలేదు, మంట వచ్చింది. ఆ మంట చల్లార్చుకోవడానికి పక్కనున్న భార్య వైపు తిరిగి కాసేపు వెక్కిరించాడు. "ఊరుకోండి, చూస్తే బాగోదు," అని ఆవిడ మోచేత్తో పొడిచింది. అంతలో క్లిక్ మంది. అద్దాలాయన ఇటు తిరిగేసరికి అందరూ కెమెరా చుట్టూ మూగి "అబ్బ! అబ్బ!" అంటున్నారు.

నెల తిరక్కుండా ఆ ఫోటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి తెచ్చాడు తోడల్లుడు. "మేకు కూడా తెచ్చానన్నయ్యా, నువ్వు శ్రమపడకు," అని తనే కుర్చీ ఎక్కి కొట్టాడు. అద్దాలాయన కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. గోడ మనది, పిల్ల మనది, మేకు వాడిది.

కుర్చీ దింపిన మరుక్షణమే ఆయన ఒక లోపం పట్టాడు. పిల్ల కళ్ళద్దాల మీద ఒక పక్క తెల్లటి మరక. "చూశావా? వెలుతురు కొట్టేసింది. తెలిసినవాడైతే పిల్ల తల కాస్త వంచి తీసేవాడు," అన్నాడు తోడల్లుడు వెళ్ళాక.

"మరకేంటండీ, ఏదో మెరుపు. ఆ నవ్వు ముందు అదెవడు చూస్తాడు?" అంది భార్య.

"నేను చూస్తాను. నా పనే అది."

నిజంగానే చూసేవాడు. షాపుకి వెళ్ళేముందు రోజూ చెప్పుల స్టాండు దగ్గర నిలబడి ఆ మరక వంకే చూసేవాడు. దగ్గరికి మాత్రం పోయేవాడు కాదు. దగ్గరికి పోతే నవ్వు కనబడుతుంది. దూరం నుంచి ఆ మరక చూసుకుంటే కడుపులో కాస్త చల్లబడేది. వచ్చినవాళ్ళకి వేలు పెట్టి చూపించేవాడు కూడా. వాళ్ళు మర్యాదకి తలూపి మళ్ళీ నవ్వునే మెచ్చుకునేవాళ్ళు.

ఇలా లాభం లేదనుకున్నాడు. తనూ ఒక కెమెరా కొనాలి, పిచ్చుక నవ్వు తనే తీయాలి, ఆ ఫోటో తీసేసి అదే మేకుకి తనది తగిలించాలి. స్కూటరు మార్చడానికి దాచుకున్న డబ్బు ఉంది.

"మరి స్కూటరు?" అంది భార్య.

"తోస్తే నడుస్తోందిగా," అన్నాడు.

ఫోన్లో వీడియోలు చూశాడు. షాపుకొచ్చేవాళ్ళలో మెడలో కెమెరా కనబడితే చాలు, పవరు తర్వాత చూద్దామని కూర్చోబెట్టి అడిగాడు. అందరూ ఒకటే చెప్పారు. మొదటి కెమెరాకి కొత్తది అక్కర్లేదు, బాగున్న పాత బాడీ తీసుకో, మిగిలినదంతా మంచి లెన్సుకి పెట్టు, బాడీలు ఏడాదికోటి మారతాయి, లెన్సు ఉండిపోతుంది. "మనం రోజూ చెప్పేదేగా," అని తల పంకించాడు అద్దాలాయన. తల అయితే పంకించాడు గాని, మనసులో ఒక అంకె ముల్లులా దిగి ఉంది. తోడల్లుడి కెమెరాకి ఇరవైనాలుగు మెగాపిక్సెళ్ళు.

పాత కెమెరాలు అమ్మే షాపు ఒక మేడ మెట్ల కింద ఉంది. తల వంచి లోపలికి వెళితే గోడల నిండా గాజు బీరువాలు. షాపు నడిపేది పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసి తీసి, నడుం పట్టేసి మానుకున్న ఒకావిడ. కుర్చీకి దిండు ఆనించుకుని కూర్చుని, "ఏం తీస్తారండీ?" అని అడిగింది.

మా అమ్మాయిని అని చెప్పాల్సిన మనిషి, "ఇరవైనాలుగు కంటే ఎక్కువ కావాలి," అన్నాడు.

"దేనికండీ ఎక్కువ?"

"ఎక్కువైతే చాలు."

ఆవిడ నవ్వుకుని, పై అరలోంచి ఒక బరువైన బాడీ తీసిచ్చింది. చేతిలో పడగానే అద్దాలాయన రొమ్ము విరుచుకున్నాడు. దీన్ని చూస్తే వాడి ముఖం ఎలా మాడుతుందో కళ్ళముందు ఆడింది. ఆ మాడిన ముఖం ఎంత బాగుందంటే, ఫోటో తీసి గోడకి కొట్టాలనిపించింది. "ఇచ్చేయండి, ఇదే," అన్నాడు.

"మరి లెన్సు?"

"దీంతో రాదా?"

"ఇది బాడీ ఒక్కటేనండీ. మీరు చెప్పిన డబ్బు దీనికే సరిపోతుంది."

"లెన్సుదేముందండీ," అన్నాడు అద్దాలాయన చెయ్యి విదిలించి, "తర్వాత ఏదో చవకది తగిలిస్తే సరి."

అనేశాక ఆ మాట ఆయన చెవినే పడింది. బంగారు ఫ్రేములవాళ్ళు ఇన్నేళ్ళుగా అన్న మాట, అక్షరం పొల్లు పోకుండా. ఎదుటివాళ్ళకి చెప్పేటందుకే నీతులని ఊరికే అన్నారా! వెనకగదిలోంచి తనే తల బయటపెట్టి తనని చూసినట్టయింది. బాడీ కౌంటరు మీద పెట్టాడు. మళ్ళీ ఒకసారి చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ పెట్టాడు. అసూయ అంత తేలిగ్గా చెయ్యి వదిలే రకం కాదు.

చివరికి తీసుకున్నది అడుగు అరలోని పాత బాడీ. పట్టుకునేచోట రబ్బరు కాస్త లేచింది, మెగాపిక్సెళ్ళు తోడల్లుడి కెమెరా కంటే తక్కువే. కాని లెన్సు దగ్గర మాత్రం ఆయన అరగంట నిలబడ్డాడు. నాలుగింటిని ట్యూబ్‌లైటు కింద వాల్చి, ఊది, తుడిచి, మళ్ళీ వాల్చి చూసి, గుప్పెట్లో పట్టేంత చిన్న లెన్సు ఒకటి ఎంచాడు. అందులో ట్యూబ్‌లైటు ఆకుపచ్చా ఊదా కలిసిన రంగులో మసగ్గా కనబడింది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"మంచిది తీశారు. కిటికీ వెలుతురు చాలు దీనికి, ముఖాలు బ్రహ్మాండంగా వస్తాయి," అంది ఆవిడ. "కాకపోతే జూమ్ అవదు. దగ్గరగా కావాలంటే మీరే నాలుగడుగులు ముందుకెయ్యాలి."

షాపులో ఉన్నంతసేపూ ఆ లెన్సు ముద్దొచ్చింది. వీధిలోకి రాగానే చిన్నబోయింది. ఇంటికొచ్చి సంచీలోంచి తీస్తే భార్య అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతేనా? మరిదిగారిది పొడుగ్గా ఉంటుంది కదా," అంది. పుండు మీద కారం. అంతటితో పోలేదు. సాయంత్రానికల్లా తోడల్లుడు ఫోను చేశాడు. "అన్నయ్యా, ఆ చిన్న లెన్సు కొన్నావట! నీ బుర్రే బుర్ర. నాకూ అదే కొనాలని ఎన్నాళ్ళుగానో ఉంది."

అద్దాలాయన ఫోను పెట్టేసి కూలబడ్డాడు. "ఇదీ కొనేస్తాడు వీడు!"

అసలు పరీక్ష మర్నాడు మొదలైంది. పిచ్చుకని కిటికీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, "నవ్వమ్మా," అన్నాడు. పిల్ల పళ్ళు చూపించింది.

"అలా కాదే. డాబా మీద బాబాయ్ దగ్గర నవ్వావు చూడు, అలా."

పిల్ల ఇంకాస్త పెద్దగా పళ్ళు చూపించింది. పళ్ళ డాక్టరు ముందు కూర్చున్నట్టుంది వాలకం. నాలుగడుగులు ముందుకేశాడు; పిల్ల బిగుసుకుపోయింది. వెనక్కి జరిగాడు, కాళ్ళూపుకుంటూ గోడ చూసింది. ఒక జోకు చెప్పాడు.

"అది పోయినేడాదే చెప్పావు నాన్నా," అంది జాలిగా.

వారం పాటు సాయంత్రాలన్నీ అలాగే గడిచాయి. ఫోటోలు శుభ్రంగా వస్తున్నాయి. వెంట్రుకలు విడివిడిగా కనబడుతున్నాయి, వెనకగోడ మెత్తగా మసకబారుతోంది, లెన్సు తన పని తాను చేస్తోంది. నవ్వు ఒక్కటే రావడం లేదు. ఒకరోజు కెమెరా సంచీ జిప్పు చప్పుడు వినగానే పిల్ల, "హోంవర్కుంది నాన్నా," అని వంటింట్లోకి తప్పుకుంది. ఆ మాట అద్దాలాయనకి బాగా గుచ్చుకుంది. తన కూతురు తన నుంచి తప్పుకుంటోంది, గోడ మీద మాత్రం పరాయివాడికి పగలబడి నవ్వుతోంది. ఆ క్షణంలో ఆయన తోడల్లుణ్ణి నిజంగానే ద్వేషించాడు, పక్కా మంచివాడని తెలిసి కూడా.

ఆదివారం మధ్యాహ్నం, కెమెరాతో వచ్చిన పుస్తకం చదవడానికి షాపు నుంచి తెచ్చుకున్న దగ్గరచూపు అద్దాలు ముక్కు మీద ఉండగా, ఆయనకి ఒక దుర్బుద్ధి పుట్టింది. మంచి ఫోటో తీయలేకపోతే పోనీ, వాడి ఫోటోలోని తప్పునైనా తీద్దాం. ఆ తెల్లమరకని దగ్గరగా తీసి, పెద్దది చేసి భార్యకి చూపిస్తే, మరకో మెరుపో అప్పుడు తేలుతుంది. ఫ్రేము దింపి, వెనక రేకు విప్పి, ఫోటో బయటికి తీసి, కిటికీ దగ్గర కుర్చీకి ఆనించాడు. ముందుకి నాలుగడుగులు వేశాడు. క్లిక్ మంది.

కెమెరా వెనక బొమ్మని పెద్దది చేశాడు. కళ్ళద్దాలు వచ్చాయి. ఇంకా పెద్దది చేశాడు. మరక తెర నిండింది. అది మరక కాదు.

తెల్లచొక్కా. చవక అద్దం గనక ఎదురుగా ఉన్నవన్నీ దాచుకోకుండా చూపిస్తోంది. ఒక చివర నడుం వంచిన తోడల్లుడు, మోచేతి పొడుగు లెన్సు. వాడి వెనకాల, పక్కకి తిరిగి, అచ్చం వాడిలాగే నడుం వంచి, రెండు గుప్పిళ్ళూ కంటి ముందు కెమెరాలా పెట్టుకుని, మెడ సాచి, పిర్రలు వాడికంటే రెండింతలు వెనక్కి పెట్టి ఇంకో మనిషి. అద్దాలాయన ముందు చొక్కా గుర్తుపట్టాడు, తర్వాత పొట్ట గుర్తుపట్టాడు. 'ఊరుకోండి' అని భార్య పొడిచిన చోట పక్కటెముక ఒకసారి చురుక్కుమంది.

"పిచ్చుకా!" అని కేకేశాడు.

పిల్ల కెమెరా చూసి గుమ్మంలోనే ఆగింది. "ఫోటో కాదులే, రా," అన్నాడు. "ఆరోజు డాబా మీద అంతలా నవ్వావే, బాబాయ్ ఏం చెప్పాడే నీకు?"

"బాబాయా? కదలకు కదలకు అని విసిగించాడు," అంది పిల్ల. "వెనకాల నువ్వు బాబాయ్‌లా చేస్తున్నావు కదా నాన్నా! ఆపుకుందామనుకున్నా, నావల్ల కాలేదు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"నీకు తెలుసనుకున్నా. రోజూ పొద్దున్నే దాని ముందు నిలబడి నిన్ను నువ్వు చూసుకుంటావు కదా."

పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఏమిటో ఆయనకి ఇప్పుడు తెలిసింది. ఇన్ని నెలలు కుళ్ళి కుళ్ళి చచ్చింది ఎవరి మీదో కాదు, తన మీదే. ఆ నవ్వు మొదటి నుంచీ తనదే. సిగ్గేసింది, కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి. దగ్గరచూపు అద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు, మరక అద్దాల మీదే ఉన్నట్టు.

తర్వాత కెమెరా బల్ల మీద పెట్టి, నడుం వంచి, రెండు గుప్పిళ్ళూ కంటికి ఆనించి, "పిచ్చుకా, కదలకు, కదలకు," అన్నాడు. పిర్రలు వెనక్కి పెట్టాడు.

పిల్ల తల వెనక్కి వేసి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారేలా, ఫోటోలో నవ్వినట్టే నవ్వింది. ఆ నవ్వు ఆయన మొదటిసారి ఎదురుగా చూశాడు. గబుక్కున కెమెరా అందుకున్నాడు. కెమెరా లేవగానే పిల్ల పళ్ళు చూపించింది. కెమెరా దింపి మళ్ళీ గుప్పిళ్ళు పెట్టాడు. మళ్ళీ అదే నవ్వు. ఇలా మూడుసార్లయ్యాక ఆయనకి లెక్క అర్థమైంది. ఈ నవ్వు రావాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. క్లిక్ నొక్కడానికి ఇంకెవరైనా ఉండాలి.

నవ్వులు విని భార్య తడిచేతులతో వచ్చేసరికి ఆయన పాత ఫోటోని మళ్ళీ ఫ్రేములో పెట్టి, అదే మేకుకి తగిలిస్తున్నాడు. పిల్ల అద్దాలకి కోటింగ్ ఇంకో రెండ్రోజులు ఆగినా ఫర్వాలేదనుకున్నాడు.

"మీ మరిదిని వచ్చే ఆదివారం రమ్మను," అన్నాడు కుర్చీ దిగుతూ.

భార్య అనుమానంగా చూసింది. "ఎందుకూ?"

"ఫోటో తీయడానికి. నేను నవ్విస్తాను, వాడు తీస్తాడు." రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగాడు. "వాడి కెమెరా తేవద్దని చెప్పు. నాది ఉంది."